నలభై ఒకటో నంబరు బిళ్ళ

1994 ఏప్రిల్‌లో నన్ను గల్ఫ్‌లో అస్కర్ దగ్గరి ఒక కాంట్రాక్టరు క్యాంపుకు ఇన్‌చార్జిగా వేశారు. హోదాలో ఫోర్‌మన్‌కు పైన, సైట్ ఇంజనీరుకు కింద. తిట్లు మాత్రం ఇద్దరి వాటా నాకే వచ్చేవి. నీళ్ళ ట్యాంకరు, గదుల కేటాయింపు, గేటు దగ్గర హాజరు నా పని. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. డ్యూటీకి పోతూ గేటులో ఇచ్చి, తిరిగొచ్చాక తీసుకోవాలి. మనిషి ఉద్యోగం మానినా, చనిపోయినా ఆ బిళ్ళ ఆఫీసులో జమ కావాలి.

నేను చేరిన నెలకే గంగారాం పోయాడు. జగిత్యాల వైపు మనిషి, షట్టరింగ్ పని. మరుగుదొడ్ల వెనక మురుగు గుంతకు మూతగా వేసిన ప్లైవుడ్ నాని పుచ్చిపోయింది. సెలవు రోజున అది విరిగి లోపల పడ్డాడు. శవాన్ని ఇంటికి పంపే కాగితాల తొందరలో, అతని 41 నంబరు బిళ్ళ అందినట్టు, దాన్ని కళ్ళతో చూడకుండానే సంతకం పెట్టేశాను.

కాంక్రీటు మూతకూ మురుగు కాలువకూ ఈ ఏడు డబ్బు లేదంది కంపెనీ. నాకు ఒళ్ళు మండింది. కానీ ఇంకో మనిషి పడేదాకా చూస్తూ కూర్చోలేను. క్యాంపు కొట్లో అమ్మే ప్రతి వస్తువు మీద ఆరు నెలలపాటు, అక్కడి చిల్లర డబ్బుల్లో, అయిదు ఫిల్సుల పన్ను వేద్దామని రాశాను. క్యాంపులో సగానికి మించి ఒప్పుకుంటేనే అని మేనేజరు షరతు పెట్టాడు.

శుక్రవారం భోజనాలయ్యాక మెస్సులో రెండు ఖాళీ నూనె డబ్బాలు పెట్టించాను. చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి ఓటుకు చీటీ బదులు బిళ్ళ. కుడి డబ్బా అయితే సరే, ఎడమది అయితే వద్దు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన సూరిబాబు లేచి, “కంపెనీ కప్పాల్సిన గోతికి మా సబ్బు మీద పన్నేంటండీ?” అన్నాడు. న్యాయమైన మాటే.

గంగారాం గదిలోనే ఉండే రాజన్న మెల్లగా అన్నాడు: “పిట్టకు మూడుసార్లు పెట్టినం సార్. ముట్టలే. వాని మనసుల ఏదో ఉన్నది.” చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి పిట్టలకు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. పిట్ట ముట్టకపోతే కోరిక తీరనట్టు లెక్క.

ఎనభై ఆరుగురు ఒక్కొక్కరే వచ్చి బిళ్ళ వేశారు. నేను డబ్బాల పక్కనే నిలబడి నంబర్లు రాసుకున్నాను. ఎడమ డబ్బాలో నలభై మూడు బిళ్ళలు. కుడి డబ్బాలో నలభై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. ఎక్కువ వచ్చిన ఆ ఒక్కటి నంబరు 41.

మిగతావన్నీ జేబుల వేడితో ఉన్నాయి. ఇది మాత్రం చల్లగా ఉంది. అంకెల గాట్లలో నల్లటి మడ్డి. నాకు భయం వేసింది, దాచుకోవడం దేనికి. రాజన్న గదివాళ్ళను అడిగాను. “మా దగ్గర లేకుండె సార్. వానితోనే పాయె అనుకున్నం” అన్నారు. వాళ్ళలో ప్రతివాడూ ఒక్క బిళ్ళే వేయడం నేను చూశాను.

ఆ బిళ్ళ తీసేస్తే చెరి సగం. అంటే పన్ను లేదు, మూతా లేదు.

“లెక్కలో లేని మనిషి ఓటు చెల్లదండీ,” అంటూ సూరిబాబు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో మడ్డి తుడిచి నంబరు చదివాడు. తర్వాత దాన్ని కుడి డబ్బాలోనే, చప్పుడు కాకుండా పెట్టి, “ఉండనివ్వండి. రాసుకోండి,” అన్నాడు. వెళ్ళి రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

హాజరు ఎనభై ఏడు, అనుకూలం నలభై నాలుగు అని రాసి పంపాను. మూత పడింది, కాలువా పడింది. క్యాంపులో ఉన్నది ఎనభై ఆరుగురే కదా అని తర్వాత హెడ్డాఫీసు నిలదీస్తే, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. సబబే.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. అందని వస్తువు అందిందని సంతకం పెడితే, అది ఎప్పుడో ఒకప్పుడు తనంతట తానే వచ్చి అందుతుంది. రిటైరయ్యేదాకా అలాంటి సంతకం మళ్ళీ పెట్టలేదు.