సరోజమ్మ మగ్గం, నా సోలార్ ఎస్టిమేట్

2001 వేసవి. హిందూపురం బస్టాండు దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. అంతకు ముందు నా పనల్లా కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ కట్టడం. మా ఓనరు నన్ను బెంగళూరు పంపించి, పది రోజులు సోలార్ పని నేర్పించి తీసుకొచ్చాడు. ఆయనది మడకశిర. సగం తెలుగు, సగం కన్నడ. "మన సీమలో ఎండకేం కరువప్పా ఖాదరూ, దాన్ని అమ్మితే దుడ్లే దుడ్లు" అనేవాడు. నాకు జీతం కాక అమ్మిన ప్రతి సిస్టమ్ మీదా కమీషన్ ఉండేది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పులో దానికీ వాటా ఉంది.

సోలార్ పెట్టించుకోవాలంటే ముందు లోడ్ లెక్క వేయాలి. లోడ్ అంటే ఇంట్లో ఏమేం ఎన్ని గంటలు నడవాలో, అన్నిటికీ కలిపి ఎంత కరెంటు కావాలో ఆ మొత్తం. దాన్ని బట్టి మిద్దె మీద ఎన్ని ప్యానెళ్లు, కింద ఎంత పెద్ద బ్యాటరీ అనేది తేలుతుంది. అది కాగితం మీద రాసిస్తే ఎస్టిమేట్. చెప్పడానికి ఇంతే. నాకు బెంగళూరులో ఒక అచ్చు ఫారం ఇచ్చారు: నాలుగు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ. ఎవరింటికి వెళ్లినా నేను అదే నింపేవాణ్ణి. మనిషిని చూడకుండా మందు రాసే డాక్టరును తిట్టే నేను, ఇంటిని చూడకుండా ఎస్టిమేట్ రాసేవాణ్ణి.

ధర్మవరం నుంచి నాగభూషణ అనే నేతగాడు మా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నెమ్మదస్తుడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కరెంటు కోతతో సచ్చిపోతాండామన్నా. పెండ్లి చీరలకు పట్టు, జరీ ఇచ్చిన షావుకారి ఇంకొకసారి ఆలస్యమైతే సరుకు వేరేవాళ్లకిస్తానని చెప్పినాడు. మా ఇంట్లో రెండు మగ్గాలుండాయి. లైటు లేకపోతే రెండూ నిలబడిపోతాయి. ఎంతయితాది, ఏం కథ, ఒకసారి ఇంటికొచ్చి చూడన్నా."

ఆ వారమే ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని కమీషన్ లెక్క వేసుకున్నాను, సిగ్గెందుకు చెప్పడానికి. వాళ్లది మట్టి మిద్దె. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు. నేలలో గుంత తీసి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేస్తారు. ఒక మగ్గం మీద భూషణ, రెండోదాని మీద ఆయన భార్య సరోజమ్మ. నేను వెళ్లేసరికి కరెంటు ఉంది. ఆమె తలెత్తి "రాన్నా, కూర్చో" అని మళ్లీ పనిలో పడింది. నేను మిద్దెక్కాను, ప్యానెళ్లకు ఎండ బాగా తగిలే దక్షిణం వైపు చూసుకున్నాను, దిగొచ్చి ఫారం నింపాను. నలభై వేల పైచిలుకు తేలింది.

భూషణ ఆ కాగితం రెండుసార్లు చూసి నాకు తిరిగిచ్చాడు. నన్ను సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చి, అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు.

"పెట్టుకుంటామన్నా. రెండో మగ్గానికి బేరమొచ్చుండాది. అంచు డిజైను వేసే జకార్డు, సామాను అంతా కలిపి ఇచ్చేస్తా. తక్కువ పడేది చీటీ పాడి కడతా. చీకట్లో రెండు మగ్గాలుండి ఏం లాభం? ఎలుతురులో ఒకటుంటే చాలు."

ఆ మాటలో నాకేమీ తప్పు కనబడలేదు. మంచి ఆలోచనే అన్నాను కూడా. రెండో మగ్గం ఎవరిదో నా కళ్లతో నేనే చూసి వచ్చాను, అయినా బుర్రకు తట్టలేదు.

పది రోజుల తర్వాత అడ్వాన్సు తీసుకోవడానికి మళ్లీ వెళ్లాను. పొద్దున కోత సమయం. బయట కళ్లు బైర్లు కమ్మే ఎండ, లోపల కళ్లు అలవాటు పడేదాకా మనిషి ముఖం కనబడని చీకటి. భూషణ మగ్గం ఆపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సరోజమ్మ మాత్రం వాకిలి వైపు వంగి, వచ్చే కాస్త వెలుతురులో తడుముకుంటూ ఒక్కొక్క పోగూ నేస్తోంది. నేను టేపు తీసి గది కొలుస్తూ, పెద్ద పనిమంతుడిలా అడిగాను.

"భూషణన్నా, ఆ మగ్గం ఎప్పుడు తీస్తారు? గుంత పూడ్చి చదును చేయిస్తే, ఆ జాగాలో బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టేద్దాం."

పడుగులో అటూ ఇటూ పోగును నడిపే నాడె చప్పుడు ఆగిపోయింది. భూషణ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే.

"యా మగ్గం?" అంది సరోజమ్మ.

నా చేతిలో టేపు సర్రున వెనక్కి పోయి డబ్బాలో పడింది. ఆమె గుంతలోంచి లేచి పైకి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పద్నాలుగేండ్లు నేసినా దాని మీద. అమ్మేముందు నాకొక మాట చెప్పేదానికి నీకు నోరు రాలేదా?" అని మొగుణ్ణి అడిగింది.

"నీకు చెప్తే వద్దంటావని..." అన్నాడు భూషణ తల దించుకుని.

"వద్దంటానని తెలిసి కూడా బేరం పెట్టినావా!" అంది. కళ్లనీళ్లు కొంగుతో గబుక్కున తుడుచుకుని నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నా. నా మగ్గం అమ్మి ఏమేం పెడతావో చదువు. వింటా."

ఫారం తీసి చదివాను. ఫ్యాను దగ్గర ఆపేసింది.

"ఫ్యానా? మగ్గాల మీద ఫ్యానేస్తే పట్టు పోగులు ఎగిరి చిక్కు పడవా? మేము ఎండాకాలంలో కిటికీ కూడా తీయం. గాలి తగిలి పోగులు ఎండి పుటుక్కున తెగుతాయని. నీకెవరు చెప్పినారు మాకు ఫ్యాను కావాలని?"

"ఎవరూ చెప్పలేదక్కా. ఫారంలో ఉంది" అన్నాను. అంతకంటే తెలివితక్కువ జవాబు నా ఉద్యోగంలో నేను మళ్లీ ఇవ్వలేదు.

"టీవీ ఎవరికి? కరెంటున్నప్పుడే చూసే తీరిక లేదు. సరే, ఆ బ్యాటరీ ఎన్నేండ్లొస్తాది?"

సోలార్ అమ్మేవాడు భయపడే ప్రశ్న అదే. ప్యానెల్ ఇరవై ఏళ్లు వస్తుందని మేము గొంతెత్తి చెబుతాం. బ్యాటరీ సంగతి అడిగితే తప్ప చెప్పం. చూసుకుంటూ నీళ్లు పోసుకుంటే నాలుగైదేళ్లు, అంతే.

"నాలుగైదేండ్లక్కా."

"మళ్లా అప్పుడేం అమ్మేది? ఆయప్ప మగ్గమా?"

నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. కస్టమర్ ఎదుట పరువు పోతే ఎవరికైనా వస్తుంది. కానీ ఆమె అడిగినవాటిలో ఒక్కటీ వంకర ప్రశ్న కాదు. అవన్నీ నేను అడగాల్సినవి. ఫారం మడిచి జేబులో పెట్టుకుని, గుంత అంచున కూర్చుని మొదటిసారి సరైన ప్రశ్న వేశాను.

"అక్కా, మీకు పని ఏ పొద్దులో ఆగిపోతుంది?"

"పొద్దునే. సాయంత్రం కోత ఉన్నా నేను పొయ్యి కాడ ఉంటా, ఆయప్ప నాడెలో పెట్టే కండెలకు పేక పోగు చుట్టుకుంటాడు. బుడ్డీ ఎలుతురు చాలు దానికి. పొద్దున పోయే మూడు గంటలే మా ప్రాణం తీస్తాండాయి."

పొద్దున! బయట అంత ఎండ పెట్టుకుని, ఆ ఎండను మిద్దె మీద పట్టి, బ్యాటరీలో దాచి, వైరులో దించి, బల్బులో వెలిగించి, నలభై వేలు తీసుకుని ఆ ఎండనే వాళ్లకు ఇవ్వబోయాను. తల పైకెత్తాను. దూలాల మధ్య, సరోజమ్మ మగ్గానికి కొంచెం ఇవతల, సున్నం కింద చదరంగా ఒక గీత కనిపించింది.

"అది గవాక్షి కదా?" అన్నాను. మా సీమ మట్టి మిద్దెల్లో వెలుతురు కోసం కప్పులో వదిలే కంత అది. దాన్ని బండతో మూసేసి ఉన్నారు.

గోడకు ఆనుకున్న భూషణ ఒక్కసారి లేచాడు. "అది మాత్రం తీసేది లేదన్నా. మా నాయన కాలంలో ఒక వానకు ఆడి నుంచే కారి, సగం నేసిన చీర మరకలు పడి పాడైపోయింది. ఆ నష్టం తీర్చేదానికి రెండేండ్లు పట్టింది. మా నాయనే ఆ బండ వేయించినాడు."

ఆయన భయం ఉత్త భయం కాదు. పట్టు మీద నీళ్లు పడితే ఏమవుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఒక గంట వాదించుకున్నాం. చుట్టూ జానెడెత్తు సిమెంటు కట్ట కట్టి, పైన మందపాటి అద్దం ఏటవాలుగా బిగించి, సందులకు తారు పూస్తే చుక్క రాదన్నాను. పొద్దు నడినెత్తికొచ్చినప్పుడు సూటిగా ఎండ పడకుండా కింద పలుచటి తెల్లగుడ్డ కడదామని సరోజమ్మ అంది. ఎండ పడితే పట్టు రంగు వెలుస్తుందట. కారితే నష్టం నాదని మాట ఇచ్చాను. ఇచ్చాక లెక్క వేసుకున్నాను. ఒక పెళ్లి చీర ఖరీదు నా మూడు నెలల జీతం.

తాపీ పనికి బేల్దారిని పిలిపించి మరుసటి వారం ఒక్క రోజులో పని ముగించాం. బండ పక్కకు జరిపినప్పుడు గదిలోకి దిగిన వెలుతురు చూసి భూషణ కొంతసేపు ఆ కిందే నిలబడ్డాడు. మబ్బు పట్టిన పొద్దుకూ సాయంత్రం కోతకూ ఒక చిన్న ప్యానెల్, ఒక బ్యాటరీ, రెండు సీఎఫ్ఎల్ దీపాలు పెట్టాను. దీపాలు కప్పుకు కాకుండా మగ్గానికి మూరెడెత్తున వేలాడదీశాను, నేసేవాళ్ల నీడ వాళ్ల పని మీదే పడకుండా. మొత్తం కలిపి మొదటి ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా కాలేదు. మగ్గం బేరానికి వచ్చినవాణ్ణి భూషణ వాకిట్లోనుంచే పంపేశాడు.

"నిన్ను సోలారు అమ్మమని పంపితే అద్దాలు అమ్మొచ్చినావేమప్పా!" అని మా ఓనరు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత కొన్ని వారాలకు వాన పట్టుకుంది. మధ్యాహ్నం మొదలై తెల్లవారేదాకా ఒకటే పోత. ధర్మవరం వైపు ఇంకా పెద్ద వానట అని షాపులో ఎవరో అన్నారు. కట్ట ఎత్తు సరిపోయిందా, తారు ఎండకు పగిలి ఉంటుందా, ఇదే ఆలోచన. వాళ్లింట్లో ఫోను లేదు. తెల్లవారగానే రైలెక్కాను. వాళ్ల వీధిలో మోకాటి లోతు బురద. దాదాపు పరుగెత్తాను. వాకిట్లోకి వచ్చేసరికి నాడె చప్పుడు వినబడింది. ఒకటి కాదు, రెండు మగ్గాలవి.

లోపల నేల పొడిగా ఉంది. తెల్లగుడ్డ మీద ఒక్క మరక లేదు. సరోజమ్మ నా బురద కాళ్లు, నా ముఖం చూసి పకపకా నవ్వింది.

"ఏమన్నా, నీ పని మీద నీకే నమ్మకం ల్యాదా?"

"వానకు రాత్రంతా నిద్ర లేదక్కా. మీకు భయం వేయలేదా?"

"మాకేం భయం? నువ్వు ఆ పొద్దు రైలెక్కినావో లేదో ఆయప్పను మిద్దె మీదికి తోలినా. పన్నెండు బిందెలు పోయించినా ఆ అద్దం మీద. నేను కింద మగ్గం గుంతలో కూర్చుని పైకి చూస్తానే ఉన్యా. చుక్క రాకపోతేనే పడుగు ఎక్కించినా. నా మగ్గమన్నా అది. నీ మాట మీద వదిలేస్తానా?"

భూషణ కూడా నవ్వాడు. "నడుము పడిపోయిందన్నా ఆ నీళ్లు మోసి" అన్నాడు. ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, ఆ వెలుతురు కింద చీర అంచున జరీ మెరుస్తుంటే చూస్తూ, చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అంత తేలికగా నేను ఏ ఇంట్లోనూ కూర్చున్న గుర్తు లేదు.

తర్వాత మరో పదేళ్లు ఆ పనిలోనే ఉన్నాను. బుక్కపట్నం, తనకల్లు, ఎక్కడికి వెళ్లినా మిద్దె మీద ఏం బిగించినా బిందెలతో నీళ్లు పోయించి చూసే దిగేవాణ్ణి. అచ్చు ఫారం పక్కన పడేసి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. అందులో లైట్లూ గంటలూ రాసుకోవడానికి ముందే ఇంటాయన్ని ఒకటి అడిగేవాణ్ణి: దీని కోసం ఇంట్లో ఏం అమ్ముతున్నారు, అది ఎవరిది? ఆయన తడబడితే ఇంకేమీ అడగకుండా, "ఇంట్లోవాళ్లను కూడా పిలవండి" అని పెన్ను మూసి కూర్చునేవాణ్ణి.