తీసెయ్యని వీడియో

మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, పోయిన మూడో రోజున పిట్టకు పెట్టాం. విస్తట్లో అన్నం, కోడికూర, పక్కన కల్లు సీసా, బీడీ కట్ట. అన్నీ అతనికి ఇష్టమైనవే. పెట్టి దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు వేపచెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా నమ్మకం. అదేమిటో మనమే తెలుసుకుని, తీరుస్తామని పైకి మాటివ్వాలి.

"నీ బిడ్డను మంచిగ సదివిస్తమురా" అన్నాడు అతని అన్న. కాకి కదల్లేదు. "నీ అవ్వను నేను సూస్కుంట తమ్మీ" అన్నది అతని అక్క. అప్పుడూ కదల్లేదు. ఎండ ముదిరింది. చివరికి మా చెల్లెలు ముందుకు వచ్చి ఏడుస్తూ అరిచింది. "నీ వీడియో ఎవ్వలను తీసెయ్యనియ్య! నీకు జరిగింది లోకమంత సూడాలె!"

కాకి దిగి ముద్ద ముట్టింది.

నేను తొర్రూరులో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పే టీచరును. ఇలాంటివి నమ్మను. కానీ అప్పుడు నా చేతులు కూడా వాటంతటవే దణ్ణం పెట్టాయి.

మరిది వరంగల్ మార్కెట్లో హమాలి. వానలో ఇంటికి వస్తూ, వాళ్ళ కాలనీలో కాలువ కోసం తవ్వి వదిలేసిన గుంతలో బండితో సహా పడిపోయాడు. రోడ్డూ గుంతా ఒక్కటే నీళ్ళు. గట్టు మీద జనం చేరారు. తాడు తెండి, తాడు తెండి అని అరిచారు. ఎవరో ఫోన్లో తీశారు. తాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ సాయంత్రానికల్లా ఆ వీడియో ఊళ్ళోని ఫోన్ గ్రూపులన్నిటిలోకీ, నెట్లోకీ వెళ్ళింది.

గుంత చుట్టూ కంచె కట్టామనీ, మనిషే తాగి పడ్డాడనీ దాన్ని తవ్వించిన కాంట్రాక్టర్ వాదించాడు. వీడియోలో కంచె లేదు, గించె లేదు. కేసులో మా వైపు సాక్ష్యం అదొక్కటే. దినాలు కాకముందే కాంట్రాక్టర్ మనిషి ఒకడు ఇంటికి వచ్చాడు. "అమ్మా, చిన్నపిల్లలు సూస్తాండ్లు. వాళ్ళ మనసు పాడైతది. జర తీసెయ్యమని మీరే ఒక మాట చెప్పుండ్లి" అన్నాడు. దయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గుంత తవ్వి ఇడిసిపెట్టిన నాడు యాదికి రాలేదా సారూ, పిల్లలు?" అన్నాను. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా భావ ప్రకటనా స్వేచ్ఛ అని బోర్డు మీద రాసి బట్టీ పట్టించాను గానీ, అదంటే ఏమిటో ఆ రోజు మా చెల్లెలి గడపలో నిలబడ్డప్పుడే తెలిసింది. గర్వపడ్డాను కూడా.

ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. చెల్లెలి బిడ్డ ఆరో తరగతి. బడికి వెళ్ళే ఆటోలో తోటి పిల్ల ఒకతె "మీ బాపు వీడియో మా అన్న ఫోన్ల ఉన్నది, సూస్తవా?" అని చూపించిందట. ఆ రోజు నుంచి అది తల మీద నీళ్ళు పోయనివ్వలేదు. చెంబు ఎత్తితే చాలు, గోడకు అతుక్కుపోయేది. తల్లి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి బడికి పంపేది. కాంట్రాక్టర్ మనిషి అబద్ధానికి వాడుకున్న మాట మా ఇంట్లోనే నిజమైంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

"కేసుకు వకీలు తాన కాపీ ఉన్నది గదనే. నెట్ల నుంచి తీసేపిద్దాం. కంప్లైంటు నేనే పెడుత" అన్నాను చెల్లెలితో.

"వకీలు బీరువల ఉంటే ఎవలు సూస్తరక్కా? ఊరు మర్సిపోతది. ఆయనకు మాటిచ్చిన. కాకి ముట్టింది గదా" అంది.

బిడ్డ ఆమెది, మొగుడు ఆమె మొగుడు. ఆమె కాదన్నాక కంప్లైంటు నేనెలా పెట్టగలను? కొన్నాళ్ళకు ఎవరు చెప్పారో ఏమో, నెట్లో ఆ వీడియో మీద నల్లటి తెర వచ్చింది. చూడాలంటే పుట్టిన సంవత్సరం చెప్పమని అడిగేది. పెద్దవాళ్ళు చూస్తారు, పిల్లలు చూడరు, చెల్లెలి మాటా నిలుస్తుంది. ఎక్కడో ఒక బుద్ధిమంతుడున్నాడని ఊపిరి పీల్చుకున్నాను.

వేసవి సెలవులకు బిడ్డను నా దగ్గరకు తెచ్చుకున్నాను. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి వస్తూ చూస్తే నా ఫోను దాని చేతిలో ఉంది. నల్లటి తెర సంవత్సరం అడిగింది. బిడ్డ వాళ్ళమ్మ పుట్టిన సంవత్సరం నొక్కింది. ఆలోచించలేదు, తడుముకోలేదు. వాన చప్పుడు, తాడు తెండి అనే కేకలు మొదలయ్యాయి.

ఫోను లాక్కున్నాను. కోపమూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఎందుకే బిడ్డా? భయమైతది గదా, మల్ల మల్ల ఎందుకు సూస్తానవ్?"

అది ఏడవలేదు. నా చేతిలోని ఫోను వైపే చూస్తూ చెప్పింది.

"ఒక్కసారన్న ఎవలన్న ఫోన్ పక్కకు వెట్టి బాపు కోసం దిగుతరేమోనని, పెద్దమ్మా."