రెండు చెంబుల సముద్రం

మొన్న శుక్రవారం పొద్దున్నే మా కింది వాటాలో ఉండే అమ్మాయి తడి చేతులతోనే మెట్లెక్కి వచ్చి, పిన్నిగారూ ఒక్కసారి కిందికి రండి అని పిలిస్తే, ఏ కుళాయో ఊడిపోయిందనుకుని వెళ్ళాను. తీరా చూస్తే ఆమె భర్త, రెండేళ్ళుగా పసిబిడ్డను సాకినట్టు సాక్కుంటున్న సముద్రపు చేపల తొట్టి ముందు కూలబడి ఉన్నాడు. పగడాలు, నీలం పసుపు చారల చేపలు, రొయ్యలు, అన్నీ తెల్లవారేసరికి పోయాయి. నలభై ఏళ్ళు ఆడపిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని కనుక నాకేమైనా తెలుస్తుందేమోనని పిలిచారు గానీ, నేను కళ్ళజోడు సర్దుకునేలోపే అతను ఏవో మీటర్లు ముంచి, ఫోనులో ఎవరినో అడిగి, కరెంటు పోయినప్పుడు గాలి మోటారు ఆగిపోవడమే కారణమని తేల్చేశాడు. ఇక నేను చేయగలిగిందేమీ లేక, చచ్చిన సముద్రపు వాసన పీలుస్తూ కాసేపు నిలబడ్డాను. ఆ వాసన నాకు కొత్త కాదు. అరవైల చివర ఒక వేసవిలో నౌపడలో మా అక్క ఇంటి వసారా నిండా అదే వాసన.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బీఎస్సీ పాసై, టెక్కలిలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరి, అక్కా బావల దగ్గర ఉంటూ రోజూ నౌపడ నుంచి చిన్న రైలులో వెళ్ళివచ్చేదాన్ని. ఆ చిన్న రైలు ఎక్కినవాళ్ళు మనలో ఇంకా కొందరు ఉండే ఉంటారు. ఎదురుగాలి వీస్తే దానికంటే సైకిలు ముందు వెళ్ళేది. బావ ఉప్పు మళ్ళ మీద మేస్త్రీ. ఇంటి ముందు గడప దాటితే కనుచూపు మేర మళ్ళే. కాలువ వెంట వచ్చిన సముద్రపు నీటిని మొదటి మడిలో నిలిపి, ఎండకు కాస్త చిక్కబడ్డాక రెండో మడికి, అక్కడినుంచి మూడో మడికి మళ్ళిస్తూ పోతే, చివరి మడిలో నీరంతా ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఈ సంగతి ఆ ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసుననే అనుకున్నాను.

నేను అక్కడికి వెళ్ళడానికి ఉద్యోగం ఒక్కటే కారణం కాదు. అంతకు ముందు ఏడే అక్కకు తొలిచూలు ఆడపిల్ల, అక్కడి మాటలో గుంట, పుట్టి పదకొండో రోజున పోయింది. జ్వరం లేదు, దగ్గు లేదు. పాలు తాగుతూ తాగుతూ మానేసి, పసుపు పచ్చగా అయిపోయి, వాడిపోయింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. పలకరించడానికి వచ్చిన బంధువుల్లో ఒకావిడ మాత్రం, కొందరి హస్తవాసి అలాంటిదమ్మా అని ఒక మాట అని, కాఫీ తాగి వెళ్ళిపోయింది. ఆ మాట మా అక్క చేతులకు పట్టుకుంది. ఆవకాయ కలపడం మానేసింది. పాలు తోడు పెట్టమంటే బావను పెట్టమనేది. పక్కింటి పసిదాన్ని ఎత్తుకోమంటే రెండు చేతులూ కొంగులో దాచుకునేది. ఆ ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే, దాచుకోవలసిన అవసరం కనిపించదు.

మా ఇంటికి భావనపాడు వైపు నుంచి చేపలు తెచ్చే ఆమె ఒకతె ఉండేది. అక్కను ఒదినా అని పిలిచేది కనుక మేమూ ఆమెను వదిన అనేవాళ్ళం. ఒకరోజు ఆమె గంప దించి, వలలో పడిందంటూ అరచేయంత శంఖం ఒకటి తీసి, "ఒదినా, ఇటు సూడు, దీని మీద పువ్వు పూసినాది" అంది. చూద్దును గదా, పుస్తకంలో బొమ్మగా తప్ప నేనెన్నడూ చూడని సముద్రపుష్పం. పేరుకే పుష్పం, నిజానికి జంతువు. పళ్ళెంలో వదిన తెచ్చిన సముద్రపు నీళ్ళు పోసి అందులో ఉంచితే గంటకు రేకులు విప్పింది. రొయ్య ముక్క అందిస్తే రేకులన్నీ ముడిచి లోపలికి లాక్కుంది. గదిలో పడుకుని ఉన్న అక్క ఎప్పుడు లేచి వచ్చిందో, నా భుజం మీదుగా వంగి చూస్తూ, "దానికి నోరెక్కడున్నాదే?" అంది. నెలల తరబడి అన్నం తిన్నావా అంటే తిన్నాను అనడం తప్ప మరో మాట లేని మనిషి నోట ఒక ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న కోసమే నేను తొట్టి కట్టించాను.

అంత గొప్ప పనేమీ కాదు గానీ, ఆ రోజుల్లో అది మాకు పెద్ద హడావిడి. తాపీ మేస్త్రీ వసారాలో తూర్పు గోడనానుకుని మూడడుగుల సిమెంటు తొట్టి కట్టి, ముందువైపు కిటికీ అద్దం ఒకటి బిగించాడు. సిమెంటులోని క్షారం పోవాలని నెల రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాం, అన్నాళ్ళూ పువ్వు పళ్ళెంలోనే గడిపింది. గాలి కోసం బావ ఒక ఉపాయం చేశాడు. పాత లారీ ట్యూబుకు పొద్దున్నే పంపుతో గాలి కొట్టి, దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, గొట్టాన్ని బట్టల క్లిప్పుతో నొక్కి నీళ్ళలో వదిలేవాడు. సాయంత్రం దాకా ఒక్కొక్క బుడగే వచ్చేది. వదిన తన వలల్లో పడ్డ వింతలన్నీ మాకే తెచ్చేది. ఇంకో మూడు పువ్వులు, శంఖంలో కాపురముండే సన్యాసి పీతలు, నక్షత్రం చేప, నత్తలు అంటుకున్న రాళ్ళు, వేలెడంత చారల చేపలు. అక్క తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేది. నేను బడి నుంచి రాగానే ఆ రోజు ఏ పీత ఏ శంఖం మారిందో, ఏ పువ్వు ఎవరిని పట్టుకుందో చెప్పేది. నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి నాకు జవాబులు తెలియవు, అయినా టీచరమ్మను కనుక తెలిసినట్టే ముఖం పెట్టేదాన్ని.

ఆ టీచరు ముఖంతోనే ఒక ఆజ్ఞ కూడా వేశాను. ఎండకు తొట్టిలో నీళ్ళు తగ్గుతాయి కదా, తగ్గినప్పుడల్లా సముద్రపు నీళ్ళే పోయాలి, మంచినీళ్ళు చుక్క కూడా పడకూడదు, పడితే చచ్చిపోతాయి అన్నాను. అక్క ఆ మాట వేదంలా పట్టుకుంది. వదిన రెండు రోజులకొక బిందెడు సముద్రపు నీళ్ళు తెచ్చి ఇచ్చేది. అందులోంచి అక్క రోజూ పొద్దున రెండు చెంబులు కొలిచి, గుడ్డలో వడగట్టి, అంచు వెంట మెల్లగా పోసేది. దేన్నీ ముట్టుకోని చేతులు ఆ రెండు చెంబులను మాత్రం ముట్టుకున్నాయి.

ఫాల్గుణం వెళ్ళి, చైత్రం వెళ్ళి, ఎండలు మండుతున్న వైశాఖంలో ఒక ఆదివారం అంతా తలకిందులైంది. చారల చేపలు వెల్లకిలా తేలాయి. నక్షత్రం చేప కాళ్ళు మెత్తబడి ఊడిపోతున్నాయి. నత్తలు రాయి వదిలి అడుగున పడ్డాయి. పువ్వుల్లో మూడు జిగురుగా కరిగిపోయాయి. మిగిలినవి ముడుచుకుని బొప్పిలా ఉన్న మొదటి పువ్వు, శంఖంలోకి పూర్తిగా దూరిపోయిన ఒక పీత. అక్క ఏడవలేదు. చెంబు బోర్లించి, "నా సెయ్యి తగిలిందేదీ బతకదే. నాకు ముందే తెలుసు" అని గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు భయం వేసింది. చచ్చినవాటి కోసం కాదు. కారణం ఏమిటో దొరకకపోతే, ఆ బంధువు అన్న మాటే కారణమై కూర్చుంటుంది. బడికి వేసవి సెలవులే కనుక అదే పనిగా వెతకడం మొదలుపెట్టాను. ముందుగా అనుమానం మలేరియా మందు మీదికి పోయింది. ఆ మధ్యే మనుషులు వచ్చి ఇల్లిల్లూ గోడలకు మందు కొట్టి వెళ్ళారు. అయితే ఆ రోజు బావ తొట్టిని రెండు పొరల గోనెతో కప్పడమే కాదు, వాళ్ళను వసారాలోకే రానివ్వలేదట. తరువాత సిమెంటు. రెండు నెలలు బాగున్నవి ఇప్పుడెందుకు పోతాయి? రాళ్ళు ఎత్తి చూశాను, ముందే చచ్చి కుళ్ళినదేదైనా నీటిని పాడుచేసిందేమోనని. ఏమీ లేదు. పోనీ వదిన తెచ్చిన నీళ్ళా? నేను అడగ్గానే ఆమె బిందెలోంచి దోసెడు తీసి పుక్కిలించి ఉమ్మి, "మా సముద్రం మంచిదే, మీ ఇంట్లోనే ఏటో సేసినారు" అని నిష్ఠూరంగా వెళ్ళిపోయింది.

ఆమె పుక్కిలించడం చూసి నాకూ బుద్ధి పుట్టింది. తొట్టి నీళ్ళు వేలితో నాలుక మీద వేసుకుంటే గొంతు దాకా మండింది. అప్పుడు గమనించాను, రబ్బరు గొట్టం మీద, అద్దం అంచున, సిమెంటు గట్టు మీద తెల్లటి పొర. దాన్ని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ ఊళ్ళో ఏ గట్టు చూసినా తెల్లగానే ఉంటుంది, ఇంకెవరు పట్టించుకుంటారు?

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన బావను మళ్ళలో నీటి చిక్కదనం కొలిచే గాజు గొట్టం తెమ్మన్నాను. అడుగున సీసపు గుళ్ళు ఉండి, నీళ్ళలో నిలువుగా తేలే గొట్టం అది. నీరు చిక్కనైన కొద్దీ పైకి లేస్తుంది, దాని మీద గీతలను బట్టి ఇన్ని డిగ్రీలని చెబుతారు. వదిన బిందెలో అది మూడు దాటి నిలిచింది. తొట్టిలో ఐదు దాటి ఆరు వైపు లేచింది. బావ మళ్ళీ తుడిచి మళ్ళీ ముంచాడు. తరువాత గట్టు మీది తెల్లపొర గోటితో గీకి, నాకేసి చూసి, "ఇదేటి మరదలా, వసారాలో ఉప్పుమడి ఏసినావు" అన్నాడు.

అంతే. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. పోయిన నీళ్ళకు బదులు రోజూ రెండు చెంబుల ఉప్పునీళ్ళు చేరుస్తుంటే తొట్టి మొదటి మడి నుంచి రెండో మడి అయింది, ఇంకొన్నాళ్ళు ఆగితే చివరి మడీ అయ్యేది. అద్దానికి ఇవతల ఒక తొట్టి, వాకిలికి అవతల వందల మళ్ళు, రెంటిలోనూ ఒకే పని జరుగుతుంటే, ఆ పని మీదే బతికే బావకు గానీ, డిగ్రీ చదివిన నాకు గానీ తట్టలేదు. సముద్రజీవికి సముద్రమే పెట్టాలన్న మాట వినడానికి ఎంత న్యాయంగా ఉందో. సిగ్గుతో నాకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు.

ఇంకొక చిక్కు వచ్చిపడింది. కారణం దొరికింది గానీ, అది అక్క చేతిలో చెంబే. చెబితే, చూశావా నా చెయ్యే అంటుంది. చెప్పకపోయినా అదే అంటుంది. ఎండదెబ్బ అని అబద్ధమాడదామా అని బావ గొణిగాడు. నాకు మనసొప్పలేదు. గదిలోకి వెళ్ళి మంచం పక్కన కూర్చుని, మంచినీళ్ళు పోయవద్దన్నది నేనని, నేను చెప్పినట్టే నువ్వు చేశావని, నాకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పానని, మళ్ళ సంగతి, గొట్టం సంగతి, తెల్లపొర సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అక్క లేచి జుట్టు ముడివేసుకుంటూ, "సెయ్యి నాది, మాట నీది, ఎండ ఊరందరిదీ. ఇంతకీ ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు" అంది.

చేయవలసింది మంచినీళ్ళు పోయడం. మా వీధి బావి ఉప్పన, మంచినీళ్ళు ఊరవతల బావి నుంచి కావిడి మీద వచ్చేవి, తాగడానికీ వండడానికీ సరిపోతే గొప్ప. అందులోంచి తొట్టికి వాటా తీసింది అక్క. బావ ఒక్కసారిగా బిందెడు కుమ్మరిద్దామన్నాడు; ఉన్నట్టుండి మారితే మిగిలిన రెండూ పోతాయని నేను ఆపాను, ఈసారి మాత్రం పుస్తకం తిరగేసి చూసుకునే ఆపాను. రోజుకు రెండు చెంబుల ఉప్పునీళ్ళు తీసేయడం, ఎండకు ఆవిరయ్యే రెండు చెంబులతో కలిపి నాలుగు చెంబుల మంచినీళ్ళు చుక్కచుక్కగా పోయడం, సాయంత్రం బావ గొట్టం ముంచి గీత చదవడం. వారం గడిచినా పువ్వు విప్పలేదు. చచ్చిందేమోనని నేను రోజూ అనుమానపడితే, కుళ్ళు వాసన లేదు కదా అని అక్కే అనేది. ఎన్నో రోజుకో, నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి, అక్క పీట మీద కదలకుండా కూర్చుని చేత్తోనే రమ్మని సైగ చేసింది. పువ్వు సగం విప్పుకుని ఉంది. పీత శంఖంలోంచి ఒక కాలు బయటపెట్టి నేల తడుముతోంది.

ఆ పూట అక్క వాటికి రొయ్య ముక్కలు అందిస్తూ, నావైపు చూడకుండానే అంది.

"దీనికి కారణం దొరికింది గదే. అయితే నా గుంటకీ ఏదో ఒకటి ఉండే ఉంటాది గదా."

ఉండే ఉంటుందక్కా అన్నాను. అంతకంటే నాకు తెలియదు, తెలిసినట్టు ముఖం పెట్టే ధైర్యమూ పోయింది. ఆ వారమే ఆమె ఆవకాయ కలిపింది. ఆ తరువాతి ఏళ్ళలో ఇద్దరు మగపిల్లలను కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసింది.

ఇప్పుడు పసిబిడ్డ పచ్చబడితే మడమ నుంచి చుక్క నెత్తురు తీసి, సాయంత్రానికల్లా ఫలానా లోపమని కాగితం మీద అచ్చువేసి ఇస్తున్నారు. నీలి దీపాల కింద నాలుగు రోజులు ఉంచి, నవ్వే బిడ్డను తల్లి ఒళ్ళో పెడుతున్నారు. మన కాలంలో ఆ కాగితం లేదు, దాని చోట చుట్టాల మాటలు ఉండేవి. అంత తేలికగా జవాబులు దొరుకుతున్నందుకు ఇప్పటి తల్లులను చూస్తే సంతోషమే, కానీ ఆ సంతోషం పక్కనే నాకు ఎప్పుడూ మా అక్క కూర్చుని ఉంటుంది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ పదకొండు రోజుల బిడ్డకు వచ్చిందేమిటో మేమెవరమూ ఏనాడూ తెలుసుకోలేదు. ఏదో ఒకటి వచ్చిందనీ, అది తన చెయ్యి కాదనీ మాత్రం ఆమె నమ్మి వెళ్ళింది.