ఖాళీ కచ్చురం

తెల్లవారగానే సుందరాబాయి కొంగు నడుముకు బిగించి, నాందేడు బజారు మీదుగా గోదావరి దాకా నడుస్తుంది. నాలుగడుగుల వెనక, ఆమె ఎక్కవలసిన ఎద్దుల కచ్చురం ఖాళీగా వస్తుంది. ఒళ్లు తగ్గకపోతే గుండెకు ముప్పని దవాఖాన డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆమె నెయ్యి మానేసి, పూటకు ఒక జొన్నరొట్టె, ఇంత ఆకుకూరతో సరిపెట్టుకుంటోంది. తిండి సంగతి భర్త నాగనాథ్ పట్టించుకోలేదు. నడక మాత్రం ఒప్పుకోలేదు. "పటేలు పెండ్లాం కాలినడకన పోతె ఇజ్జత్ ఏమైతది?" అని బండిని వెంట పంపాడు. దారిలో వాళ్లంతా "బండి ఎక్కరాదమ్మా" అంటుంటే ఆమె పళ్లు పటపట కొరుకుతూ అడుగుల వేగం పెంచేది. మూడు నెలల్లో గాజులు వదులయ్యాయి. నది గట్టు ఆగకుండా ఎక్కగలుగుతోంది. కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

ఆ రోజు నాగనాథ్ తానే బండిలో కూర్చున్నాడు. "ఎక్కు, అందరు నవ్వుతుండ్రు" అని దారంతా కసిరాడు. ఆమె తిరిగి చూడలేదు. వచ్చేటప్పుడు నది ఒడ్డున ఇసుకలో చక్రం దిగబడింది. బండి తోలే పోచన్న ఎంత అదిలించినా ఎడ్లు కదల్లేదు. "పటేలా, జర దిగాలె. బరువెక్కువైంది" అన్నాడు భయంభయంగా. నాగనాథ్ దిగలేదు, ఇసుకలో పది అడుగులు వేస్తే ఆయనకు ఆయాసం. అప్పటికే గట్టెక్కిన సుందరాబాయి గిర్రున తిరిగి కిందికి వచ్చింది. ఆమెకు రొప్పైనా లేదు.

"దిగుండ్రి," అంది. "మీ ఇజ్జత్‌ను బండ్ల కూసోబెట్టి, మీరు నా ఎంట నడువుండ్రి."