ఓటుకెళ్లిన కోటు

పందొమ్మిది వందల ఎనభైల్లో, అమెరికాలోని అలబామాలో అది ఎన్నికల రోజు. బస్సులో నా పక్కన ఒక నల్లజాతి ముసలమ్మ, మోకాళ్లు దాటే మగవాళ్ల కోటు తొడుక్కుని కూర్చుంది. నా నోరు ఊరుకోదు కదా, మా తాత పులినెక్కి పెళ్లికెళ్లాడని కోతలు కోశాను. ఆవిడ పడీపడీ నవ్వింది.

"మా తాత బానిసగా పుట్టాడు బాబూ. అంతర్యుద్ధం ముగిశాక విడుదలై, ఈ కోటు వేసుకునే వెళ్లి ఓటేశాడు. తర్వాత తెల్లవాళ్లు తుపాకులతో అడ్డం నిలబడ్డారు. తాత పోయేదాకా మళ్లీ వెయ్యనివ్వలేదు. అందుకే ఇప్పుడు ప్రతిసారీ తీసుకెళ్తున్నా."

"కోటునా?"

"తాతని."

ఆవిడ దిగాల్సిన స్టాపు వచ్చింది. కోటు చెయ్యి మెల్లగా తట్టి, "పద తాతా, దిగుదాం" అంది.

నా పులి ఎటు పోయిందో తెలీదు. లేచి నిలబడి, ఇద్దరు పట్టేంత దారిచ్చాను.