మామగారి చొక్కా రంగు

జీపు మొండికేసిన చోట నీడ కూడా లేదు. డ్రైవరు బానెట్ ఎత్తి, అందులోకి తల దూర్చి, ఎవర్ని తిడుతున్నాడో వాడికే తెలియకుండా తిడుతున్నాడు. కాలుష్య తనిఖీ ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా నీళ్ళు పట్టి, సీలు వేసి, పరీక్షకు పంపే ఆవిడ చేతిలో నీలం డబ్బాతో రోడ్డు పక్కన నిలబడింది. డబ్బాలో ఆరు సీసాలు. నాలుగు నిండినవి, రెండు ఖాళీవి. నిండిన నాలుగింటిలోనూ నీళ్ళు ముఖం చూసుకోవచ్చన్నంత తేటగా ఉన్నాయి.

ఆవిడ బెంగల్లా అదే. రంగుల ఫ్యాక్టరీ మీద వచ్చిన ఫిర్యాదుకి ఇది మూడో తనిఖీ. మూడుసార్లూ వాగు నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయని తేలితే ఫైలు మూసెయ్యాలి, అది రూలు. ఒకసారి మూసిన ఫైలు తెరిపించాలంటే ఉద్యోగంలో ఉండగా సాధ్యమయ్యే పని కాదు. నీళ్ళు బాగున్నాయంటే సంతోషించాలి కదా మరి? గేటు దగ్గర ఫ్యాక్టరీ మేనేజరు "మళ్ళీ కలుద్దాం మేడమ్" అని నవ్విన నవ్వు మాత్రం ఆవిడకి చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది.

ఆవిడ చెయ్యెత్తక ముందే బస్సు ఆగింది. కండక్టరు మెట్టు మీంచి సగం బయటికి వేలాడుతూ, "రండమ్మా రండి! ఆ డబ్బాలో ఐస్‌క్రీమ్ ఉంటే మాత్రం అందరికీ పంచాలి, ముందే చెప్తున్నా!" అన్నాడు.

"ఐస్‌క్రీమ్ కాదు."

"అయ్యో. అయితే టిక్కెట్టు తీసుకోండి."

ఊరూరా తిరిగినవాళ్ళకి తెలుస్తుంది, బస్సులన్నీ ఒకలాంటివి కావు. కొన్నిట్లో ఎక్కితే ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టుంటుంది, ఎవరి చావు వాళ్ళది. కొన్నిట్లో పెళ్ళివారింట్లో వంటగదిలోకి పొరపాటున వెళ్ళినట్టుంటుంది. ఇది రెండో రకం. సీట్లు చాలక నిలబడ్డవాళ్ళు, కూర్చున్నవాళ్ళు, అందరూ ఒక్కసారే అరుస్తున్నారు.

"పసుపు! నాది పసుపు రాసుకోండి మాస్టారూ!"

"నిన్నంతా పసుపే కదక్కా, ఇవాళ మళ్ళీ వేస్తారా? నాది ఆకుపచ్చ."

"ముదురా, లేతా? సరిగ్గా చెప్పు నాయనా, తరవాత నాతో పేచీ పెట్టుకోకు," అంటున్నాడు కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన. ఆయన ఒళ్ళో లావుపాటి నోటుబుక్కు, చొక్కా జేబులో రంగు పెన్సిళ్ళు. రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆవిడ ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుని డబ్బాని కాళ్ళ మధ్య పెట్టుకుంది.

"ఏమిటండీ ఈ గోల? పందెమా?"

"పందెం కాదమ్మా, పోటీ. గెలిచినవాళ్ళకి రేపు ఆ ముందు సీటు. వంతెన మీదకెళ్ళేసరికి మామగారు ఏ రంగు చొక్కా వేసుకుని ఉంటారో చెప్పాలి."

"ఎవరి మామగారు?"

"మా రేడియో మామగారు," అని మాస్టారు కండక్టరు వైపు గడ్డం ఎగరేశాడు. "వాగు తల్లీ, వాగు. వాడి పెళ్ళాం ఆ ఒడ్డునే పుట్టి, అందులోనే ఈత నేర్చుకుంది. సగం రోజు నీళ్ళలోనే ఉండేదిట. పిల్లని పెంచినవాడు మామగారే కదా అంటాడు వాడు. కాదనడానికి మనమెవరం?"

కండక్టరుకి రేడియో అన్న పేరు తర్వాత వచ్చింది. ఈ రూటులో పందొమ్మిదేళ్ళు పనిచేస్తే, అందులో మొదటి పదిహేనేళ్ళూ "ముందుకి జరగండి" తప్ప మరో మాట ఆడి ఎరగడు. వాగులో రంగులు దిగడం మొదలయ్యాక ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని అర్జీలు రాశాడు. ఒకటి కాదు, పదకొండు. పెళ్ళాం తప్పులు దిద్దేది. పదకొండింటికీ ఒకే జవాబు: మీ ఉత్తరం అందింది. పోనీ అని బస్సులో చెప్పి చూశాడు. అయ్యా, వాగు చచ్చిపోతోంది, చేపలు తేలుతున్నాయి అన్నాడు. జనం వాగున్న వైపు చూడటం మానేసి రెండో వైపు కిటికీల్లోంచి చూడటం మొదలుపెట్టారు. ఒకాయన అయితే, "చిల్లర ఇచ్చి ఏడువు" అన్నాడు.

"ఒకరోజు వాగు గులాబీరంగులో పారుతోంది," అంటూ మాస్టారు గొంతు తగ్గించాడు, అసలు సంగతి ఇక్కడుందన్నట్టు. "వాడికి విసుగో, కడుపుమంటో. వంతెన మీద బెల్లు కొట్టి, 'అందరూ లేచి నమస్కారం పెట్టండి, మా మామగారు ఈ వయసులో పెళ్ళికొడుకయ్యారు' అన్నాడు. అంతే తల్లీ! బస్సు బస్సంతా ఎడమవైపుకి ఒరిగిపోయింది. డ్రైవరు బెదిరిపోయి బ్రేకు తొక్కాడు. పదకొండు అర్జీలకి తిరగని తలకాయలు ఒక్క వెటకారానికి తిరిగాయి."

మనుషులు అంతే. ఏడుపు వినపడితే ఎవరింట్లోనో అనుకుని తలుపేసుకుంటారు. నవ్వు వినపడితే, నన్ను పిలవకుండానా అని తలుపు తీసుకుని వస్తారు. వచ్చినవాళ్ళకి మెల్లిగా తెలుస్తుంది ఎవరు దేనికి నవ్వుతున్నారో.

అప్పటికి కండక్టరు టిక్కెట్లు కొట్టడం ముగించి బస్సు మధ్యలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అతను నోరు తెరవకముందే జనం సద్దుమణిగారు.

"ఇవాళ పొద్దున మామగారు తెల్ల చొక్కాలో ఉన్నారు."

"ఆఁ!" అంది బస్సు.

"ఎందుకుండరూ? చుట్టాలొచ్చారు. జీపేసుకుని వచ్చారు. వచ్చే ముందు కబురు కూడా పెట్టారు, మర్యాదస్తులు కదా! చుట్టాలొస్తున్నారంటే మామగారికి తల దువ్వి, తెల్ల చొక్కా తొడిగి, గుమ్మంలో కూర్చోబెడతారు. నోరెత్తితే ఊరుకోరు. చుట్టాలావిడ వచ్చింది, సీసాలు తీసింది, 'అబ్బ, ఎంత ఆరోగ్యంగా ఉన్నారండీ బాబాయిగారూ' అంది. చల్లగా వెళ్ళిపోయింది. జీపు మలుపు తిరిగిందో లేదో..."

"చొక్కా మార్చెయ్!" అని బస్సంతా ఒక్క గొంతుతో అరిచింది.

"మొన్నొకసారి ఇలాగే మారుస్తుంటే ఆ పక్కన ఒంటికాలి మీద కొంగ నిలబడి ఉంది పాపం. తెల్లగా వచ్చింది, నీలంగా ఇంటికెళ్ళింది. పెళ్ళాం తలుపు తియ్యలేదు. 'నువ్వెవరివో నాకు తెలీదు, మా ఆయన తెల్లగా ఉంటాడు' అంది. రాత్రంతా గుమ్మం బయటే!"

కుట్టుపని చేసే ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నీలం డబ్బా ఆవిడకి మాత్రం చెవులు కాలిపోతున్నాయి. మోకాళ్ళతో డబ్బాని సీటు కిందకి ఇంకాస్త నెట్టింది. తనే ఆ చుట్టాలావిడ. ఆఫీసు పద్ధతి ప్రకారం ఫ్యాక్టరీకి వారం ముందే ఉత్తరం రాసినది తనే.

"మాస్టారూ, ఒకసారి ఆ పుస్తకం ఇస్తారా?"

ప్రతి పేజీలోనూ గళ్ళు. ప్రతి గడిలో తేదీ, బస్సు వంతెన దాటిన టైము, పెన్సిలుతో పూసిన రంగు, కింద గెలిచినవాళ్ళ పేరు. ఒక్క రోజు వదల్లేదు, పద్నాలుగు నెలలు. తన మొదటి తనిఖీ తేదీ వెతికింది. ఆ గడిలో రంగు లేదు, 'తెలుపు' అని రాసి ఉంది. రెండోది వెతికింది. తెలుపు. ఆ మర్నాడు ఎరుపు. మొత్తం పుస్తకంలో తెల్ల గళ్ళు రెండే రెండు.

"ఇది ఎవరికైనా చూపించారా?"

"ఎవరికి చూపిస్తామమ్మా, ఆట పుస్తకం! పైగా వాడి మీద ఫ్యాక్టరీవాళ్ళు డిపోలో చెప్పారు. బస్సులో నోరు తెరిచినట్టు ఇంకొక్క ఫిర్యాదొస్తే రూటు తీసేసి గ్యారేజీలో టైర్ల దగ్గర కూర్చోబెడతామని డిపోవాళ్ళు కాగితం ఇచ్చారు. ఆ కాగితాన్ని కూడా మాకు చదివి వినిపించాడు వెధవ, నాటకంలోలా గొంతులు మార్చి!"

వంతెన వచ్చింది. డ్రైవరు అలవాటుగా గేరు తగ్గించాడు. అరవై మంది ఎడమ కిటికీల మీద పడ్డారు. ఆవిడ కూడా, ఎవరి భుజం మీదో చెయ్యేసి, మునివేళ్ళ మీద లేచి చూసింది. పైనుంచి వాగు తేటగానే వస్తోంది. వంపు దగ్గర, గడ్డి వెనక నుంచి, చిక్కటి రంగు ఒకటి నాలిక చాపినట్టు చాపుకుంటూ, ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకి పాకుతోంది. ఎదురుగానే, చూస్తూండగానే!

"ఊదా! ఊదా!"

"ఊదా కాదు, ఆగండి," అని మాస్టారు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "నేరేడు. నేరేడు ఎవరన్నారు?"

"నేనే! నేనే మాస్టారూ!" కుట్టుపనావిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. చప్పట్లు, ఈలలు.

"బస్సాపండి!"

ఆ గొంతుకి అందరూ తిరిగారు. ఆవిడ డబ్బా పైకెత్తింది, రెండో చేత్తో గుర్తింపు కార్డు చూపించింది. "నేను కాలుష్య తనిఖీ ఆఫీసు నుంచి. ఇందాకటి చుట్టాన్ని నేనే. నా దగ్గర ఇంకా రెండు ఖాళీ సీసాలున్నాయి. ఇప్పుడు పట్టుకుంటే ఫైలు బతుకుతుంది. కాకపోతే, కళ్ళారా చూశామని సంతకం పెట్టడానికి ఈ చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఇద్దరు కావాలి."

బస్సు ఆగింది. నవ్వులు కూడా ఆగిపోయాయి. అందరి తలలూ ఎవరి ఒళ్ళో అవి పడిపోయాయి. ఈ బస్సులో సగం మందికి అన్నో, తమ్ముడో, మరిదో ఆ ఫ్యాక్టరీలో ఉన్నారు. వెనక మెట్ల దగ్గర ఒక మనిషి ఫ్యాక్టరీ యూనిఫాంలోనే ఉన్నాడు, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని. నవ్వడం వేరు, కాగితం మీద పేరు రాయడం వేరని ఆవిడకీ తెలుసు. గడియారం చూసుకుంది. రంగు కిందకి జారిపోతోంది.

కండక్టరు వచ్చి ఆవిడ దగ్గర సాక్షుల ఫారం తీసుకున్నాడు. చదివాడు. ఇందాకటి హుషారు మొహంలో లేదు. పెన్ను కోసం చెయ్యి చాచాడు. అది పాత ఫారం, 'సంబంధం' అని ఒక గడి మిగిలిపోయింది, ఎవరూ నింపరు.

"అమ్మా, మామగారిని ఆస్పత్రిలో చేర్చాలంటే బంధువులు సంతకం పెట్టాలి. అంతే కదా?" అన్నాడు, అందరికీ వినపడేలా. పేరు రాశాడు. సంబంధం గడిలో 'అల్లుడు' అని రాశాడు. తలెత్తి బస్సు వైపు చూశాడు. "ఏమర్రా, పద్నాలుగు నెలలుగా ఆయన చొక్కాలు చూసి నవ్వారే, ఆయనకి నేనొక్కణ్ణేనా దిక్కు?"

మాస్టారు నోటుబుక్కు మూసి చెయ్యి చాచాడు.

"ఇలా తేరా," అన్నాడు మాస్టారు. 'వియ్యంకుడు' అని దస్తూరీ తిప్పి మరీ రాశాడు. అంతే, కట్ట తెగింది. "నేను చెల్లెల్ని!" అంది కుట్టుపనావిడ. "మేనల్లుణ్ణి రాసుకో బాబాయ్!" "నేను పాలివాణ్ణి, ఇల్లు ఒడ్డునే!" "ఒరేయ్, వరసలు సరిగ్గా చూసుకోండి, రేపు పెళ్ళిళ్ళు కుదరవు!" నవ్వు మళ్ళీ లేచింది, ఈసారి గొంతు పగిలేలా. ఇద్దరు కావలసిన చోట పదిహేడుమంది సంతకాలు చేశారు. ఫారం చాలక వెనక పక్క రాశారు. ఆవిడ పద్నాలుగేళ్ళ సర్వీసులో నింపని గడి ఒక్కటి కూడా మిగలని ఫారం అదే.

యూనిఫాం మనిషి సంతకం పెట్టలేదు. ఎవరూ అడగలేదు. కానీ ఆవిడ గట్టు దిగుతూ జారబోతే, "అటు కాదండీ, ఊబి. పైపు మూతి ఇటుంది," అని ముందు నడిచాడు. గడ్డి పక్కకి తొలగించడానికి జేబుల్లోంచి చేతులు తీశాడు. గోళ్ళు నేరేడు రంగులో ఉన్నాయి. రెండు సీసాలూ నిండాయి. టైము రాసింది, సీలు వేసింది. పైన వంతెన మీంచి అరవై మంది, మ్యాచ్ గెలిచినట్టు కేకలు పెట్టారు.

బస్సు డిపోకి ముప్పావుగంట ఆలస్యంగా చేరింది. గేటు దగ్గరే డిపో మేనేజరు నిలబడి ఉన్నాడు, ఫోను చెవి దగ్గరే ఉంది, "వచ్చాడండీ, ఇప్పుడే వచ్చాడు" అంటున్నాడు. ఫోనులో అవతల ఎవరున్నారో ఎవరికీ చెప్పక్కర్లేదు. కండక్టరు చూశాడు. టిక్కెట్ల మిషను భుజానికి తగిలించుకున్నాడు, చొక్కా లోపలికి దోపుకున్నాడు.

ఆవిడ డబ్బాని గుండెలకి హత్తుకుని జనాన్ని తోసుకుంటూ మెట్ల దాకా వచ్చింది. ఫైలు మూయరని చెప్పాలి. డిపోకి తనే ఉత్తరం రాస్తానని, బస్సు ఆపమన్నది తనేనని, ఆయన పేరు మీద మచ్చ పడనివ్వనని చెప్పాలి.

"ఏమండీ! ఒక్క నిమిషం! ఏమండీ!"

అప్పటికే అతను ఆవరణ సగం దాటాడు, పెద్ద పెద్ద అంగలు వేస్తూ. మేనేజరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

"సార్, ముందు మీరు కూర్చోండి. ఇది నిలబడి వినే కథ కాదు," అంటూ ఆయన కంటే ముందే గదిలోకి వెళ్ళిపోయాడు.