ఎదురుకాళ్ళ పిల్ల

నీలగిరి తైలం మూత తీస్తే చాలు, ముప్పై అయిదేళ్ళ కిందటి చిలకలగూడ ఇల్లు గుర్తొస్తుంది నాకు. నడుములో ఎక్కడో నరం నొక్కుకుపోయి రెండేళ్ళుగా ఎడమ తొడ వెనక నుంచి బొటనవేలి దాకా ఒకటే లాగుడు. నొప్పి నడుముదైతే తిమ్మిరి వేలికెందుకని అడిగి అడిగి డాక్టరును విసిగించాను. ఆయన బొమ్మ గీసి, ఈ నరం పాదం దాకా పోతుంది, చెప్పు జారినా తెలియదన్నారు. వెంటనే శాంతమ్మ టీచర్ గుర్తొచ్చారు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను, అంటే తలకన్నా ముందు కాళ్ళు బయటపడ్డాయన్నమాట. అలాంటి పిల్ల కాలు మోపితే నడుము పట్టు వదులుతుందని మా గల్లీలో గట్టి నమ్మకం. బియ్యం బస్తా ఎత్తబోయి పట్టేసిన కిరాణా ఆయన నుంచి బోరింగు కొట్టీ కొట్టీ వంగిపోయిన పక్కింటి పెద్దమ్మ దాకా, తెల్లారేసరికి నడుముకు నీలగిరి తైలం పట్టించుకుని మా వాకిట్లో చాప మీద బోర్లా పడుకునేవారు. పొరపాటున పెద్దవాళ్ళకు కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో, నేను గోడ పట్టుకుని మూడుసార్లు దర్జాగా తొక్కి బెల్లం ముక్క పుచ్చుకునేదాన్ని.

మా వెనకింటి శాంతమ్మ టీచర్‌ది గుంటూరు వైపు. చర్చిలో పాటలు నడిపించేది ఆవిడే. ఇలాంటివి నమ్మని మనిషి, అయినా క్రిస్మస్ ఆరాధన అయ్యేదాకా నిలబడి పాడాలన్న ఆశతో ఆ డిసెంబరు చలిలో పెరటి తలుపు గుండా వచ్చేవారు.

"జెర గట్టిగ మోపు బిడ్డా, టీచరమ్మ నిలవడి పాడాలె," అనేది నానమ్మ.

టీచర్ గోడ పట్టుకుని లేచి, "తగ్గిందమ్మా, హాయిగా ఉంది," అంటూ పండక్కి వండిన గులాబీ పువ్వులు, కరకరలాడేవి, నా చేతిలో పెట్టేవారు. వెళ్తుంటే మాత్రం మెట్టు దగ్గర ఎడమకాలి చెప్పు జారిపోయేది. ఆవిడ తెలియకుండానే నాలుగడుగులు వేసేవారు. నేను నవ్వుకుంటూ పరుగెత్తి తొడిగేదాన్ని.

పండగనాడు చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని చూశాను. అందరూ లేచి నిలబడ్డారు, టీచర్ కుర్చీలో కూర్చునే పాడారు. నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. తగ్గిందని అబద్ధం చెప్పి నా పరువు తీశారనుకున్నాను. తర్వాత ఆవిడ వచ్చినప్పుడల్లా దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టు నటించాను. పిల్లను లేపొద్దని నానమ్మకు చెప్పి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు రావడమే మానేశారు. నా అంత మొండిపిల్ల ఆ గల్లీలో ఇంకొకతి లేదు.

ఇప్పుడక్కడ మా వాకిలీ లేదు, బోరింగూ లేదు. ఎదురుకాళ్ళ పిల్లలు సుత లేరని మా అమ్మ అంటుంది, కాళ్ళు కిందికి ఉన్నాయని తెలియగానే డాక్టర్లు ఆపరేషన్ చేసేస్తారట. నా కాలికి నిజంగా ఏమైనా మహిమ ఉండేదా అని ఇప్పటికీ అనుమానమే. నడుము పట్టుకు సరిపోయేదేమో, నొక్కుకున్న నరానికి కాదు.

నిన్న మల్కాజ్‌గిరి స్టేషన్ మెట్ల మీద వెనక నుంచి ఎవరో పిలిచి నా చెప్పు అందించారు. జారిన సంగతే నాకు తెలియలేదు. ఇంటికొచ్చి బోర్లా పడుకుంటే, మా పన్నెండేళ్ళ అమ్మాయి రోజులాగే తైలం పోసి, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా నడుము రుద్దింది.

"ఎట్లుందమ్మా? తగ్గిందా?"

"తగ్గింది బిడ్డా," అన్నాను.